ఇద్దరు కౌబాయ్‌ల ప్రేమకథ రాయాలంటే

(చారిత్రక కథారచన మీద జరిగిన ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కౌబాయ్ అనగానే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది కృష్ణగారు. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ మన దేశంలో తొలి కౌబాయ్ సినిమా. టోపీ, బూట్లు, నడుముకు తుపాకీ, దాచిపెట్టిన నిధి, తీర్చుకోవాల్సిన పగ. ఆ సినిమా అంటే నాకు చాలా ఇష్టం. ఈ రోజు నేను చెప్పబోయే కౌబాయ్ మాత్రం వేరే మనిషి. అతను జీతగాడు. నెలకు ముప్పై, నలభై డాలర్లకు ఇంకొకరి పశువులను కాచేవాడు. సెంటు భూమి లేనివాడు. చాలామందికి ఎక్కే గుర్రం కూడా యజమానిదే. సొంతానికి ఉన్నదల్లా ఒక జీను, ఒక పక్కచుట్ట.

నాకిచ్చిన అంశం, రాంచ్‌లో, అంటే పెద్ద పశువుల క్షేత్రంలో పనిచేసే ఇద్దరు కౌబాయ్‌ల మధ్య ప్రేమకథ. చారిత్రక కథగా. ఇది విన్నవాళ్ళు చాలామంది ఒకే ప్రశ్న వేస్తారు. అప్పట్లో ఇలాంటివి ఉండేవా, ఇవాళ్టి ఆలోచనలను మనమే తీసుకెళ్ళి అక్కడ అంటిస్తున్నామా అని. నా సమాధానం సూటిగా చెప్పేస్తాను. ఉండేవి. ఇద్దరు మగవాళ్ళు దగ్గరయ్యే సందర్భాలను ఆ పనే రోజూ కల్పించింది. వాళ్ళకు దొరకనిది సీజన్ అయిపోయాక కలిసి ఉండటానికి ఒక ఇల్లు. నా దృష్టిలో కథ నడవాల్సింది ఆ ఇంటి చుట్టూనే.

ముందు పని సంగతి చూద్దాం. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సస్‌లో లక్షల కొద్దీ లాంగ్‌హార్న్ అనే పొడుగు కొమ్ముల జాతి పశువులు పట్టించుకునే నాథుడు లేక తిరుగుతున్నాయి. అక్కడ తల ఒక్కింటికి నాలుగు డాలర్లు పలికితే గొప్ప. ఉత్తరాది మార్కెట్లో అదే పశువు నలభై దాకా పలికేది. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కాన్సస్‌లోని అబిలీన్‌లో రైలు పట్టాల పక్కన పశువుల దొడ్లు కట్టించాడు. టెక్సస్ నుంచి అక్కడిదాకా మందను నడిపించుకు రావడం కౌబాయ్ పని. రెండున్నర వేలు, మూడు వేల పశువులు, పది పన్నెండు మంది మనుషులు, రోజుకు పది పదిహేను మైళ్ళు. నెలల తరబడి నడక. మనుషులందరూ దాదాపు ఇరవైల్లో ఉన్న పెళ్ళికాని కుర్రాళ్ళు. అందరూ తెల్లవాళ్ళనుకోకండి. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు, మెక్సికన్లు వాళ్ళలో గట్టి సంఖ్యలోనే ఉన్నారు. తాడు విసిరి పశువును పట్టే విద్యంతా మెక్సికన్ల దగ్గర నేర్చుకున్నదే.

ఇక రాత్రి కాపలా గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ప్రేమకథ రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

చీకటి పడగానే మందను ఒకచోట పడుకోబెడతారు. రాత్రంతా ఇద్దరేసి చొప్పున వంతులు. ఒక్కో వంతు సుమారు రెండు గంటలు. ఆ ఇద్దరూ మంద చుట్టూ గుర్రాల మీద తిరగాలి, ఒకడు కుడివైపుకు, ఇంకొకడు ఎడమవైపుకు. అంటే ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఎదురుపడతారు. ఎదురుపడినప్పుడు ఒక మాట, లేకపోతే తల ఊపడం, మళ్ళీ చీకట్లోకి. తిరుగుతున్నంతసేపూ పాడుతూనే ఉండాలి. సరదాకు పాడే పాట కాదది. చప్పుడు లేకుండా మనిషి హఠాత్తుగా పక్కకు వస్తే పశువు బెదురుతుంది. ఒకటి బెదిరిందంటే మూడు వేలూ లేచి పరిగెడతాయి, ఆ పరుగుకు అడ్డంపడ్డ మనిషి మిగలడు. అందుకని చర్చిలో నేర్చుకున్న భక్తిగీతమో, తోచిన కూనిరాగమో నెమ్మదిగా తీస్తూ ఉంటారు. పాట పూర్తిగా రాకపోయినా ఫర్వాలేదు, గొంతు వినబడితే చాలు.

అర్ధరాత్రి దాటే వేళకు మందలో ఒక కదలిక వస్తుంది. పడుకున్న పశువులు ఒకటొకటిగా లేచి, ఒళ్ళు విరుచుకుని, రెండోవైపుకు తిరిగి మళ్ళీ పడుకుంటాయి. కాపలావాళ్ళకు అది తెలిసిన విషయమే, కానీ ఆ కొద్దిసేపూ టెన్షన్ తప్పదు. టైము చూడటానికి గడియారం ఉన్నవాడు తక్కువ. ధ్రువనక్షత్రం చుట్టూ సప్తర్షులు ఎంత తిరిగాయో చూసి, వంతు అయిపోయిందని తెలుసుకుని, వెళ్ళి తర్వాతివాడిని లేపుతారు.

ఇప్పుడు మీ ఇద్దరు మనుషులను అక్కడ పెట్టండి. చూపు ఆనని చీకటి. ఒకరికొకరు కనబడరు, మంద అవతలి నుంచి గొంతు మాత్రం వినబడుతుంది. ఒకడి పాట ఆగిపోతే రెండోవాడి గుండె ఆగినంత పని. గుర్రం కాలు ఎలుక బొరియలో పడిందా, నిద్రలో జారాడా? ఎదురు రావాల్సినచోట ఇంకా రాలేదే? ఇన్ని రాత్రుల తర్వాత ఒకరి గొంతుకు ఒకరు అలవాటు పడ్డారని రాస్తే నమ్మని పాఠకుడు ఉండడు. ప్రేమిస్తున్నానన్న మాట వాళ్ళ నోట పలికించాల్సిన పనే రాదు.

రెండో చోటు లైన్ క్యాంప్. పెద్ద రాంచ్‌లకు కంచెలు లేని రోజుల్లో పశువులు హద్దు దాటిపోకుండా చూడటానికి చలికాలమంతా ఇద్దరేసి మనుషులను దూరంగా ఒక గుడిసెలో ఉంచేవాళ్ళు. కొన్నిచోట్ల గుడిసె కూడా కాదు, కొండవాలులోకి తవ్విన గుంత, పైన మట్టికప్పు. పొద్దున్నే ఒకడు ఇటు, ఒకడు అటు బయల్దేరి హద్దు వెంట తిరగాలి, గడ్డకట్టిన నీటిని గొడ్డలితో పగలగొట్టాలి, కూరుకుపోయిన పశువును లాగాలి. సాయంత్రానికి మళ్ళీ ఆ గుడిసెకే. శరదృతువు నుంచి వసంతం దాకా ఇంకో మనిషి ముఖం కనబడటమే అరుదు. చదవడానికి ఏమీ లేక డబ్బాల మీది లేబుళ్ళు కంఠస్థం చేసేవాళ్ళు. టమాటా డబ్బా మీద ఉన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పడం వాళ్ళకో పోటీ. ఎముకలు కొరికే చలికి ఇద్దరూ దుప్పట్లు కలిపి ఒకే పక్కలో పడుకోవడం పరిపాటి. అందులో దాచుకోవాల్సింది ఏదీ లేదు, ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆ పక్కలో కొన్ని గుడిసెల్లో వెచ్చదనం కోసమే పడుకున్నారు, కొన్ని గుడిసెల్లో అంతకంటే ఎక్కువ జరిగింది. బయటినుంచి చూసేవాడికి తేడా తెలియదు. చరిత్రకారులకు ఇదే కష్టం, కథకులకు ఇదే అవకాశం.

ఇంకో చిన్న వివరం చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. ఆ రోజుల్లో కౌబాయ్‌లు తాగింది దాదాపు అంతటా ఆర్బకుల్స్ కంపెనీ కాఫీ. గింజలు వేయించి సంచుల్లో అమ్మేవాళ్ళు. ప్రతి సంచిలోనూ ఒక పెప్పర్‌మింట్ బిళ్ళ, పుల్లలా పొడుగ్గా ఉండేది. సంచి విప్పినప్పుడల్లా వంటవాడు ‘బిళ్ళ ఎవరికి కావాలి?’ అని కేకేస్తాడు. ముందుకొచ్చినవాడు కాఫీ గింజలు మరలో తిప్పి పొడి చేయాలి, బిళ్ళ వాడిది. మొరటు మనుషులు ఆ తీపి ముక్క కోసం పోటీపడేవాళ్ళు. నా కథలో అయితే ఒకడు పొద్దున్నే లేచి, చలిలో చేతులు కొంకర్లు పోతుంటే గింజలన్నీ పొడి చేసి, గెలుచుకున్న బిళ్ళను ఇంకొకడి కోటు జేబులో వేసి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం హద్దు వెంట ఒంటరిగా వెళుతూ రెండోవాడు జేబులో చెయ్యి పెడతాడు. ఇక్కడ పెద్ద డైలాగులు రాశారా, సీను చెడుతుంది.

ఆధారాల సంగతికి వస్తాను. ఆడవాళ్ళు దొరకని క్యాంపుల్లో మగవాళ్ళే జంటలుగా నాట్యం చేసేవాళ్ళు. చేతికి రుమాలు కట్టుకున్నవాడు ఆ రాత్రికి ఆడవేషం. ఎర్విన్ స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ 1910 ప్రాంతంలో టెక్సస్ రాంచ్‌లలో తీసిన చిత్రాల్లో అలాంటి నాట్యం కూడా ఉంది. ఇంకా, స్టూడియోల్లో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని తీయించుకున్న ఫోటోలు కోకొల్లలు. ఇవి చూసి వీళ్ళందరూ ప్రేమికులే అని ప్రకటించేవాళ్ళు ఉన్నారు. ఉత్త స్నేహం, అంతకుమించి ఏమీ లేదని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ తొందరపాటే. ఆ కాలపు మగవాళ్ళు ఇప్పటివాళ్ళకంటే స్వేచ్ఛగా ఒకరినొకరు ముట్టుకునేవాళ్ళు, అందులో ప్రేమికులకూ చోటు దొరికింది.

1948లో ఆల్ఫ్రెడ్ కిన్సే అనే శాస్త్రవేత్త అమెరికన్ మగవాళ్ళ లైంగిక జీవితం మీద తన పెద్ద అధ్యయనం ప్రచురించాడు. పశువుల కాపరులు, రాంచ్ మనుషులు, కలప కొట్టేవాళ్ళు, గనులు వెతికేవాళ్ళలో మగవాళ్ళ మధ్య సంబంధాలు ఉన్నాయని, తొలితరం పశ్చిమవాసుల్లో కూడా ఇది బహుశా మామూలే అయి ఉంటుందని అందులో రాశాడు. వాళ్ళు ప్రకృతితో కొట్లాడి బతికేవాళ్ళని, ఇలాంటి విషయాల మీద సిద్ధాంతాలు పెట్టుకోరని కూడా అన్నాడు. బ్యాడ్జర్ క్లార్క్ అని ఒక కవి ఉండేవాడు. కుర్రతనంలో ఆరిజోనాలో రాంచ్ మీద ఉన్నాడు. చనిపోయిన జతగాడి కోసం కుమిలిపోయే కౌబాయ్ గొంతుతో అతను రాసిన కవిత ఒకటుంది. మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు, కానీ ఇద్దరికీ తెలుసు అనే ధోరణిలో సాగుతుంది. 1937లో దక్షిణ డకోటా రాష్ట్రం తన తొలి ఆస్థానకవిగా అతన్నే పెట్టుకుంది.

గుడ్‌నైట్, లవింగ్‌ల కథ కూడా తెలుసుకోవాలి. చార్లెస్ గుడ్‌నైట్, ఆలివర్ లవింగ్ అనే ఇద్దరు పశువుల వ్యాపారులు 1866లో కలిసి కొత్త దారిన మందను తోలారు. ఆ దారికి ఇద్దరి పేర్లూ కలిపే పెట్టారు. మరుసటి ఏడాది లవింగ్ ముందుగా వెళుతూ కమాంచీ అనే మూలవాసి జాతివాళ్ళ దాడిలో గాయపడ్డాడు. న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్ దాకా చేరాడు గానీ చెయ్యి కుళ్ళి, సెప్టెంబర్ 25న ప్రాణం పోయింది. నన్ను పరాయి నేలలో వదిలేయకు, టెక్సస్ తీసుకుపో అని అడిగాడు. గుడ్‌నైట్ మందను కొలరాడో చేర్చి, తిరిగొచ్చి, తాత్కాలికంగా పూడ్చిన దేహాన్ని తీయించాడు. రేకు డబ్బాలను చదును చేసి, అతికించి పెట్టె చేయించి, చుట్టూ బొగ్గు నింపి, బండి మీద వందల మైళ్ళు తీసుకెళ్ళి, 1868 మార్చిలో టెక్సస్‌లోని వెదర్‌ఫర్డ్‌లో సమాధి చేయించాడు. వీళ్ళను నేను ప్రేమికులనడం లేదు. లవింగ్ యాభై దాటిన సంసారి, గుడ్‌నైట్ కూడా తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. ఎందుకు చెప్పానంటే, ఒక మగవాడు ఇంకో మగవాడి కోసం అంత దూరం వెళితే ఆ సమాజం దాన్ని గొప్పగా చెప్పుకుంది. మన కథలోని ఇద్దరూ బతికేది ఆ గౌరవం నీడలోనే. అందరి ముందూ ‘మా జతగాడు’ అనొచ్చు. మిగతాది గుడిసె లోపల.

చట్టం మాత్రం ఆ లోపలిని నేరం అంది. టెక్సస్‌లో ఆ చట్టం 1860లో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు మన నెత్తిన 377 సెక్షన్ పెట్టిన శిక్షాస్మృతి కూడా సరిగ్గా 1860దే. రెండింటికీ మూలం పాత ఇంగ్లండు చట్టం. టెక్సస్ చట్టాన్ని 2003లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది, మనకు 2018 సెప్టెంబర్ 6 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే ఈ కథ మనకు అంత పరాయిది కాదు.

కథను ఎక్కడ, ఎప్పుడు పెట్టాలి అని నన్నడిగితే అమెరికా ఉత్తరాన, అప్పటికింకా రాష్ట్రం కాని మోంటానా టెరిటరీ, అందులో జుడిత్ బేసిన్ ప్రాంతం, 1886 శరదృతువు అంటాను. ఆ ఎండాకాలం వానల్లేవు, గడ్డి లేదు, ఉన్న మేతకు మించి పశువులు. జనవరి వచ్చేసరికి మంచు తుఫాన్లు ముదిరాయి. మంచు పైపొర కరిగి మళ్ళీ గడ్డకట్టి, గిట్టలతో తవ్వినా కింద గడ్డి అందలేదు. పశువులు వేలకు వేలు నిలబడినచోటే చచ్చాయి. చార్లెస్ రసెల్ అనే కుర్రాడు అప్పుడు అక్కడే కౌబాయ్. మంద ఎలా ఉందని యజమానులు ఉత్తరం రాస్తే, బదులుగా ఒక చిన్న బొమ్మ వేసి పంపాడు. మంచులో డొక్కలు ఎండి నిలబడ్డ ఒక పశువు, చుట్టూ కాచుకుని ఉన్న తోడేళ్ళు. ఆ బొమ్మే అతన్ని చిత్రకారుణ్ణి చేసింది. మీ ఇద్దరినీ ఆ చలికాలం ఒక లైన్ క్యాంప్‌లో ఉంచండి. కాపాడటానికి వెళ్ళిన పశువులు కళ్ళ ముందు పోతుంటే, మిగిలింది మనిషికి మనిషే.

వసంతం వచ్చాక అసలు సమస్య. పెద్ద కంపెనీలు దివాలా తీశాయి, పని పోయింది. 1874లో గ్లిడెన్ అనే రైతు పేటెంటు తీసుకున్న ముళ్ళతీగ అప్పటికే మైదానాలను ముక్కలు చేస్తోంది. లైన్ క్యాంపులతో పని తగ్గిపోయింది. ఉద్యోగం దొరికినా కంచె గుంతలు తవ్వడం, గడ్డి కోయడం. ఇద్దరికీ ఒకేచోట పని దొరుకుతుందన్న భరోసా లేదు. ఇక జీతం గురించి గొంతెత్తడం అంటారా, 1883లోనే పాన్‌హ్యాండిల్ అనే ఉత్తర టెక్సస్ ప్రాంతపు కౌబాయ్‌లు నెలకు యాభై డాలర్లు కావాలని సమ్మె చేసి ఓడిపోయారు. చాలా కథలు ఇక్కడికి వచ్చేసరికి ఒకడిని చంపేస్తాయి, లేదా పెళ్ళికి పంపేస్తాయి. నాకు ఈ ముగింపుల మీద కోపం. ఇలాంటి ప్రేమ అంటే చావే గతి అని పాఠకుల బుర్రలోకి ఎక్కించేశాం. చరిత్రలో వేరే దారి ఉంది, అది రాయరెందుకు?

ఆ దారి 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం. ఇరవై ఒక్కేళ్ళు నిండిన ఎవరైనా, పెళ్ళికానివాడైనా సరే, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఐదేళ్ళు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగుచేస్తే పట్టా వస్తుంది. ఇద్దరు పక్కపక్క భూములకు దరఖాస్తు పెట్టుకుంటే? ఎవరి భూమిలో వాళ్ళు నివాసం ఉండాలని షరతు. దానికి అప్పటి జనం కనిపెట్టిన ఉపాయం, సరిహద్దు గీత మీద ఒకే ఇల్లు కట్టడం. సగం ఇల్లు ఇతని భూమిలో, సగం అతని భూమిలో. మంచాలు గీతకు అటొకటి ఇటొకటి. అన్నాచెల్లెళ్ళు, స్నేహితులు ఎందరో ఇలాగే చేశారు. మన ఇద్దరూ చేస్తే ఇరుగుపొరుగుకు వింత అనిపించదు. ఖర్చు కలిసొస్తుందని కట్టుకున్నారు అనుకుంటారు. మోంటానాలాంటి ఎండు నేలలో 160 ఎకరాలు పశువులకు చాలవు నిజమే. అందుకే వాళ్ళను ఒక వాగు పక్కన ఉంచండి, నీళ్ళు ఎవరి చేతిలో ఉంటే చుట్టూ ఉన్న గడ్డి వాళ్ళదే.

ఆ నేల ఎవరిదో కూడా కథలో ఉండాలి. ప్రభుత్వం ఉచితంగా పంచిన ఆ భూమి అక్కడి మూలవాసుల నుంచి తీసుకున్నది. వాళ్ళ ఆహారమైన అడవిదున్నల మందలను 1883కల్లా దాదాపు తుడిచిపెట్టేశారు. అదే మోంటానాలో క్రో అనే మూలవాసి జాతిలో ఓష్-టిష్ అనే వ్యక్తి ఉండేవారు. మగ శరీరంతో పుట్టి, ఆడవాళ్ళ వేషంలో, ఆడవాళ్ళ పనుల్లో బతికినవారు. 1876లో రోజ్‌బడ్ యుద్ధంలో అమెరికా సైన్యం పక్షాన పోరాడారు, 1929 దాకా జీవించారు. తన జాతివాళ్ళు ఆమెకు గౌరవమైన స్థానమే ఇచ్చారు. మన ఇద్దరు కౌబాయ్‌లు లోపల దాచుకున్నదానికి పక్క జాతిలో ఒక పేరు, ఒక చోటు ఉన్నాయి. వాళ్ళలో ఒకడు ఆ సంగతి వినడం, విని చాలాసేపు మౌనంగా ఉండిపోవడం ఒక మంచి అధ్యాయం అవుతుంది.

తుపాకుల సంగతి కూడా అనేసి ముగిస్తాను. పశువుల మార్కెట్లుగా పేరుపడ్డ ఐదు కాన్సస్ పట్టణాల్లో, 1870 నుంచి 1885 దాకా జరిగిన హత్యలన్నీ కలిపి 45 అని రాబర్ట్ డైక్‌స్ట్రా అనే చరిత్రకారుడు లెక్క తేల్చాడు. కౌబాయ్‌లను ఎక్కువగా చంపింది గుర్రం మీంచి పడటం, వరద నదులు, పిడుగులు, నిమోనియా. మీ కథలో భయం అక్కడినుంచి రావాలి. ఇంకో జాగ్రత్త, మూపురం ఉన్న ఆవులను 1886 మోంటానాలో పెట్టకండి. మన ఒంగోలు రక్తం కూడా కలిసిన అమెరికన్ బ్రాహ్మన్ జాతి రూపుదిద్దుకున్నది తర్వాతి కాలంలో, దక్షిణాన.

ఐదేళ్ళు పూర్తయి పట్టా తీసుకునే ముందు ప్రతి రైతూ స్థానిక పత్రికలో ప్రకటన వేయించాలి. ఫలానావాడు ఈ భూమిలో నిరంతరం నివసించాడు, సాగుచేశాడు, దానికి వీళ్ళు సాక్షులు అని సాక్షుల పేర్లతో సహా. పక్క భూమివాళ్ళు ఒకరికొకరు సాక్షులుగా ఉండటం మామూలే. అంటే మన ఇద్దరూ ఒకే చూరు కింద ఐదేళ్ళు ఉన్నారన్న మాటను ఒకరి తరఫున ఒకరు ప్రభుత్వ అధికారి ముందు చెప్పే రోజు వస్తుంది. అప్పటి పత్రికలు చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. రాయాలనుకునేవాళ్ళు 1890ల మోంటానా పత్రికల్లో ఆ ప్రకటనల పేజీ తీసి, పక్కపక్క భూముల్లో పెళ్ళికాని మగవాళ్ళ పేర్లు వెతకండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.